మా ఫ్లాటులోని హస్కీని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

చెన్నై షోళింగనల్లూరు నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. పుట్టిల్లు నెల్లూరు జిల్లా; పెళ్ళయ్యాక చెన్నైలో స్థిరపడ్డారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళక తప్పదు. భర్తకు తూత్తుకుడిలో పని కావడంతో నెలలో సగం రోజులు ఆయన ఇంట్లో ఉండరు. ఏడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. అందులో ఈ దంపతులు, పదేళ్ళ కొడుకు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే అత్తగారు ఉంటున్నారు. ఏడాది క్రితం కొడుకు పుట్టినరోజుకు భర్త సైబీరియన్ హస్కీ జాతి కుక్కపిల్లను కొని తెచ్చారు. పిల్లవాడు దానికి షాడో అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు దాని వయసు 14 నెలలు, బరువు 24 కిలోలు.

షాడో సోఫాను చీల్చింది, బాల్కనీ తలుపు చెక్కను కొరికింది. గేటు దగ్గర పిల్లి కనబడగానే ఒక్క ఉదుటున లాగడంతో ఈమె మెట్ల మీద పడి మణికట్టు బెణికింది. ఇంట్లో అందరూ తలో పనిలో పడగానే అది ఊళ మొదలుపెడుతుంది. అసోసియేషన్ కార్యదర్శి నుంచి ఇప్పటికి రెండు లేఖలు వచ్చాయి. అన్నంలో వెంట్రుకలు, పూజగదిలో వెంట్రుకలు. వీటన్నిటికన్నా ఆమెను భయపెట్టినది కిందటి మే నెలలో జరిగిన సంఘటన: మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాకపోయేసరికి, అప్పటికి పిల్లగా ఉన్న షాడో స్నానాలగది గచ్చు మీద పడుకొని ఆగకుండా రొప్పి, వాంతి చేసుకొంది. నీళ్ళతో తడిపితే తేరుకుంది.

ఇంకో ఏడాదికి కుదురుకుంటుందనీ, బొచ్చు గొరిగిస్తే ఎండ బాధ ఉండదనీ భర్త అంటున్నారు. గూడూరు దగ్గర తమ నిమ్మతోటలో కాపలాకు వదిలేయమని అత్తగారి సలహా. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తోట ఉన్న భర్త స్నేహితుడు, తన ఆడ హస్కీకి జత కోసం షాడోను ఇమ్మని అడుగుతున్నారు. "ఇచ్చేద్దామన్నప్పుడల్లా నాకు దయ లేదంటున్నారు. ఉంచుకుంటే దాన్ని రోజూ బాధపెడుతున్నానని నాకే అనిపిస్తోంది. రెండింటిలో ఏది తప్పు?" అని ఆమె అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం నిండా దయే ఉంది, లేనిది సమయం. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే మీ ఇంట్లో ప్రతి సంభాషణా నిందగా మారుతోంది. షాడో విషయం తేలాలంటే మీలో ఎవరికి దాని మీద ఎక్కువ ప్రేమ అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. రోజూ దానికి రెండు గంటలు ఎవరు ఇస్తారు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాని ఒంటి వేడిని ఎవరు కనిపెట్టి ఉంటారు అన్నవి అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ మనుషుల పేర్లతో సమాధానం దొరికితే ఉంచుకోవచ్చు. దొరకకపోతే, ఇవ్వడమే దానికి మీరు చేయగల మేలు.

ముందుగా అది ఎలాంటి జీవో మీవారికి కూడా తెలియాలి. సైబీరియా ఈశాన్య కొసన నివసించే చుక్చీ ప్రజలు తరతరాలుగా పెంచుకున్న జాతి ఇది. తేలికపాటి బరువును కట్టుకొని, తక్కువ తిండితో, మంచు మీద చాలా దూరం ఒకే తీరున పరుగెత్తడం దాని పని. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు, ఇరవై మంది బండి నడిపేవారు దాదాపు 1,085 కిలోమీటర్ల దారిలో ఒకరి తర్వాత ఒకరుగా మందును అందుకొని, కుక్కల బండ్ల మీద అయిదున్నర రోజుల్లో చేర్చారు. అందులో అతి పొడవైన, ప్రమాదకరమైన భాగాన్ని నడిపించిన టోగో అనే హస్కీకి అప్పటికి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ వయసులో అంత పరుగు పెట్టగలిగిన రక్తం, పద్నాలుగు నెలల వయసులో అపార్ట్‌మెంటు చుట్టూ ఇరవై నిమిషాలు తిరిగితే చల్లబడదు. షాడో మిమ్మల్ని లాగడం మొండితనం కాదు, ఛాతీ మీద పట్టీ బిగిస్తే ముందుకు లాగడమే దాని పుట్టుక. ఊళ కూడా అంతే. గుంపులో పనిచేసే జాతి గనుక ఒంటరితనం దానికి మిగతా కుక్కలకన్నా కష్టంగా ఉంటుంది.

ఇంకో ఏడాదికి కుదురుకుంటుందన్న మీవారి మాటలో కొంత నిజముంది. హస్కీలు రెండు మూడేళ్ళు వచ్చేసరికి కొరకడం, చీల్చడం చాలావరకు తగ్గిస్తాయి. పరుగు అవసరం మాత్రం ఎనిమిది తొమ్మిదేళ్ళ దాకా తగ్గదు, వాటి ఆయుష్షు పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళు. అంటే మీ అబ్బాయి కాలేజీ చదువు ముగించే వేళకు కూడా షాడో మీ ఇంట్లో ఉండవచ్చు. ఏడాది ఓర్చుకుంటే చాలనుకొని నిర్ణయిస్తే, ఆ ఏడాది ముగిశాక మళ్ళీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

ఇక ఎండ. ఇది ఈ సమస్యకు గుండెకాయ కాబట్టి వివరంగా చెబుతాను. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. ఒంట్లోని వేడి బయటికి పోవాలంటే నాలుక మీద, శ్వాసనాళాల్లో ఉన్న తడి ఆవిరి కావాలి, రొప్పడం అందుకే. చెన్నైలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎండ తీవ్రత తగ్గినా, గాలిలో తేమ పెరుగుతుంది. గాలి అప్పటికే తడిగా ఉంటే నాలుక మీది తడి ఆరదు, కుక్క ఎంత రొప్పినా వేడి లోపలే ఉండిపోతుంది. మే నెలలో తెల్లవారుజామున అయిదింటికి కూడా ఉక్కపోస్తూనే ఉంటుంది కాబట్టి, పొద్దున్నే తీసుకెళ్తే చాలు అనే సాధారణ సలహా మీ ఊరికి పూర్తిగా సరిపోదు. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. కిందటి మేలో మీరు చూసిన వాంతి, ఆగని రొప్పు వడదెబ్బకు తొలి గుర్తులే. నీళ్ళతో తడిపి మీరు చేసిన పని సరైనదే. మళ్ళీ అలా జరిగితే పొట్ట, గజ్జలు, పాదాలు చల్లని కుళాయి నీళ్ళతో తడిపి, ఫ్యాను ఎదురుగా ఉంచి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి; ఐసు ముక్కలు ఒంటికి అద్దకూడదు, తడిబట్ట కప్పి వదిలేయకూడదు. నాలుక వెడల్పుగా సాగి చివర వంకర తిరగడం, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కడం, లాలాజలం చిక్కబడడం, నడకలో తూలడం కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయవద్దు.

బొచ్చు గొరిగించడానికి మాత్రం ఒప్పుకోకండి. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది: పైన పొడవైన గరుకు వెంట్రుకలు, అడుగున దూదిలాంటి మెత్తని ఒత్తు. పై పొర ఎండను చర్మానికి తగలనివ్వదు. గొరిగేస్తే చర్మం కాలుతుంది, కొన్నిటికి తిరిగి బొచ్చు సరిగ్గా రాదు. అలాగని బొచ్చు ఉన్నంత మాత్రాన ఎండాకాలం గడిచిపోతుందనీ కాదు, అది ఎండను అడ్డుకోగలదు గానీ ఉక్కను అడ్డుకోలేదు. చేయవలసినది దువ్వడం. అడుగు పొరను లాగే పళ్ళ దువ్వెనతో, బాల్కనీలో, తోక వైపు నుంచి మొదలుపెట్టి బొచ్చును పాయలుగా విడదీస్తూ చర్మం కనబడేదాకా దువ్వితే, గాలి చర్మం దాకా వెళ్తుంది, మీ అన్నంలోనూ వెంట్రుకలు తగ్గుతాయి. చల్లని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు రాలే ఒత్తు, మన ఊళ్ళలో ఏడాది పొడవునా రాలుతుంది, కాబట్టి ఇది ఎప్పటికీ ఉండే పని. స్నానం చేయించిన రోజున అడుగు పొర పూర్తిగా ఆరకపోతే చెన్నై తేమలో చర్మం పుండ్లు పడుతుంది. ఆరబెట్టే వేళ లేని రోజున స్నానం మానుకోవడమే మంచిది. దువ్వేటప్పుడే చెవుల మడతల్లో, కాలివేళ్ళ మధ్య పిడుదులు ఉన్నాయేమో చూడండి. వాటి వల్ల వచ్చే జ్వరాలు మన వాతావరణంలో కుక్కల ప్రాణాలు తీస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది ఉంచుకోవడం. దీనికి పెట్టవలసిన వెల స్పష్టంగా తెలియాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలంతా ఒక గదిలో ఏసీ నడవాలి. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుంది. వాడకం 500 యూనిట్లు దాటితే రాయితీ తగ్గిపోయి బిల్లు మొత్తం ఒక్కసారిగా పెరుగుతుంది. మీ అపార్ట్‌మెంటు జనరేటరు ఏసీకి పనిచేస్తుందా, లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమేనా అన్నది ఈ వారమే కనుక్కోండి. చాలాచోట్ల రెండోదే. అలాంటప్పుడు కరెంటు పోయిన మధ్యాహ్నం షాడో పక్కన పెద్దవారొకరు ఉండి తీరాలి. మీరు ఆఫీసుకు వెళ్ళే మూడు రోజుల్లో ఆ పెద్దవారు మీ అత్తగారు ఒక్కరే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి 24 కిలోల కుక్కను ఎత్తి స్నానాలగదికి చేర్చలేరు, కనీసం గిన్నెడు నీళ్ళు పోసి మీకు ఫోను చేయగలరా అని ఆమెనే అడగండి. ఆమె వల్ల కాదంటే అది కాదన్నట్టే. ఆ మూడు రోజులకు ఏసీ ఉన్న డే కేర్ చూసుకోవాలి, దాని ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి.

నడక విషయంలో కొంత తేలిక చేసుకోవచ్చు. మెడపట్టీ బదులు ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ వాడితే, అది లాగినప్పుడు పక్కకు తిరుగుతుంది, మిమ్మల్ని ఈడ్చలేదు. తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. మీ బెణుకు అలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం. తాడు బిగుసుకోగానే మీరు నిలబడిపోండి, వదులైతేనే అడుగు వేయండి. మొదట్లో గేటు దాటడానికే పావుగంట పడుతుంది గానీ, కొన్ని వారాల్లో అర్థం చేసుకొంటుంది. పిల్లుల దగ్గర మాత్రం ఏ శిక్షణనూ నమ్మవద్దు, వేట దాని రక్తంలో ఉంది. తాడు విప్పి బీచిలో వదిలితే పిలుపు వినిపించుకోకుండా కిలోమీటర్లు పోగలదు. వేడి ఎక్కువైన రోజుల్లో పరుగు బదులు ఇంట్లోనే బుర్రకు పని కల్పించాలి: తిండిని గిన్నెలో పెట్టకుండా పాత తువాళ్ళ మడతల్లో దాచి వెతికించడం, పెరుగన్నం గడ్డకట్టించి రబ్బరు బొమ్మలో కూరి ఇవ్వడం వంటివి. మీ అబ్బాయి సాంబారు అన్నం పెడుతున్నాడని రాశారు. ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది, అది ఈ రోజే ఆపించండి.

అసోసియేషన్ లేఖలకు భయపడవద్దు, అలాగని తీసిపారేయనూ వద్దు. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా పక్క ఫ్లాటులో పసిబిడ్డ ఉందని మీరే రాశారు, ఆ తల్లి నిద్ర కూడా ముఖ్యమే. ఊళ ఏ వేళల్లో వస్తోందో రాసిపెట్టుకొని, ఏం చేస్తున్నారో కార్యదర్శికి లిఖితపూర్వకంగా చెప్పండి. కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా కాగితం జత చేయండి. తిట్టినా, కొట్టినా హస్కీ ఊళ ఆపదు. పొద్దున అలిసిపోయిన రోజున తక్కువగా పెడుతుంది.

వీటన్నిటినీ మీవారు ఇంట్లో ఉండే రెండు వారాల్లో ఆయన చేతనే చేయించండి. ఈ మాట కోపంతో అనడం లేదు. తెచ్చినది ఆయన, మోస్తున్నది మీరు. ఆయనకు ఆ బరువు తెలియకుండా తీసుకునే ఏ నిర్ణయమూ నిలవదు. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, పొద్దుటి నడక, రాత్రి నడక, దువ్వడం, డాక్టరు, ఏ రోజున ఎవరు చేశారో రాయండి. మార్చి నెలాఖరుకు ఆ కాగితాన్ని ఇద్దరూ కలిసి చదవండి. ఆయన తూత్తుకుడిలో ఉన్న రోజుల గడులన్నీ మీ పేరుతోనే నిండితే, నడకకు మనిషిని పెట్టుకోవాలి, లేదా రెండో దారికి రావాలి.

రెండో దారి వేరే ఇల్లు వెతకడం. ఇందులో గూడూరు తోట నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అత్తగారు దురుద్దేశంతో చెప్పారని కాదు, పల్లెలో కుక్క అంటే ఆరుబయట పెరిగే కుక్కే వారికి తెలుసు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో నిమ్మచెట్ల నీడ హస్కీని కాపాడలేదు. గొలుసుతో కడితే అక్కడే వడదెబ్బ తింటుంది, విప్పితే పొరుగువారి కోళ్ళ మీద పడుతుంది, ఆ తర్వాత ఊరివాళ్ళు ఊరుకోరు. పైగా అది కాపలాకు పనికిరాదు. కొత్తవాళ్ళు వస్తే తోక ఊపే జాతి అది. చూసేవారు లేకుండా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరమని కూడా గుర్తుంచుకోండి.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు స్నేహితుడి విషయంలో మీరే జాగ్రత్తగా ఉండాలి. సముద్రపు ఒడ్డున ఉక్క మీ ఫ్లాటుకన్నా ఎక్కువే. ఆయన అడుగుతున్నది షాడోను కాదు, షాడో పిల్లలను. హస్కీలకు వంశపారంపర్యంగా చిన్నవయసులోనే కంటిశుక్లాలు, రెటీనా క్షీణత వచ్చే అవకాశం ఉంది, తల్లిదండ్రుల కళ్ళు పరీక్షించకుండా జతకట్టించడం పుట్టబోయే పిల్లలకు అన్యాయం. కుక్కపిల్లలను అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆయనకు ఆ నమోదు ఉందా అని అడిగి చూడండి. అన్నిటినీ మించి, ఆ పిల్లలు కూడా చెన్నైలోనే ఎవరి పుట్టినరోజుకో, ఎవరి ఏడో అంతస్తుకో చేరతాయి. నేనైతే ఈ దారిని మూసేస్తాను.

చల్లని ప్రదేశంలో మంచి మనుషులు దొరకడం వీటన్నిటికన్నా మేలు. కూనూరు, ఊటీ, కొడైకెనాల్ వైపు వెతకవచ్చు. బెంగళూరు కూడా రాత్రుళ్ళు చల్లబడుతుంది గనుక చెన్నైకన్నా నయమే, కాకపోతే అక్కడి ఫ్లాటులో రోజంతా ఒంటరిగా ఉంటే మీ సమస్యే ఊరు మారుతుంది. అందుకే ఊరు ఏదన్నదానికన్నా ఇంట్లో ఎవరుంటారన్నది ముందు అడగండి: పగలు మనిషి ఉంటారా, ఎత్తైన ప్రహరీ ఉందా, ఇంతకు ముందు ఇలాంటి కుక్కను పెంచారా, రాత్రి ఎక్కడ పడుకోబెడతారు? చివరి ప్రశ్న కొండప్రాంతాల్లో చాలా ముఖ్యం, నీలగిరుల్లో చిరుతలు ఇళ్ళ ముంగిట్లోంచే కుక్కలను ఎత్తుకుపోతాయి. ఇవ్వడానికి ముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, గుర్తింపు కోసం చర్మం కింద మైక్రోచిప్ పెట్టించండి. డబ్బు తీసుకోకపోయినా రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోండి. వారికి కుదరకపోతే తిరిగి మీకే ఇవ్వాలన్న వాక్యం అందులో ఉండాలి. మొదట ఒక నెల వారి దగ్గర ఉంచి చూసే షరతు పెట్టుకోవడం ఇరువైపులకూ మంచిది. మంచి ఇల్లు దొరకడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, ఉంచుకునే ప్రయత్నం చేస్తూనే ఈ వెతుకులాట కూడా మొదలుపెట్టండి. ఈలోగా అగ్ని నక్షత్రం రోజులు, అంటే మే నెల మండుటెండలు, వచ్చేస్తే, ఏసీ గది ఏర్పాటు ఎలాగూ అవసరమే.

మీ అత్తగారి ఇబ్బందిని ఎవరూ పట్టించుకోవడం లేదని ఉత్తరం చదువుతుంటే అనిపించింది. ఆమె పూజగదికీ, వంటింటికీ పసిపిల్లలకు పెట్టే చిన్న గేటు బిగిస్తే వెంట్రుకలు పూర్తిగా ఆగకపోయినా, తన మాటకు ఇంట్లో విలువుందని ఆమెకు తెలుస్తుంది. అప్పుడు షాడో మీద కోపం తగ్గవచ్చు, నిమ్మతోట మాటా తగ్గవచ్చు.

అబ్బాయికి నిజం చెప్పండి. తోటలో హాయిగా ఉంటుందనో, కొన్నాళ్ళకు తిరిగి వస్తుందనో చెప్పవద్దు, పదేళ్ళ పిల్లలు కనిపెట్టేస్తారు. కిందటి మేలో షాడో ఎలా రొప్పిందో వాడూ చూశాడు. అలా మళ్ళీ జరగకుండా ఉండాలంటే ఏమేం చేయాలో వాడితో కలిసి మాట్లాడండి. నీళ్ళ గిన్నె నింపడం, దువ్వెన వెంట్రుకలు తీయడం వంటి పనులు వాడికి అప్పగించవచ్చు. తాడు మాత్రం వాడి చేతికి ఇవ్వకండి. ఒకవేళ ఇవ్వాలని నిర్ణయమైతే, కొత్త ఇంటిని చూడడానికి వాడినీ తీసుకెళ్ళండి, వాడికి నచ్చని ఇంటికి ఇవ్వమని మాట ఇవ్వండి. ఆ మాట మీరు నిలబెట్టుకోగలరు, ఎందుకంటే వాడు చూసేది షాడో అక్కడ ఎలా ఉందన్నదే.

ముందుగా ఈ వారంలో షాడోను పశువైద్యులకు చూపించండి. మీకు దగ్గరలో నమ్మకమైనవారు లేకపోతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. కళ్ళు, చర్మం, పిడుదుల జ్వరాలకు రక్తపరీక్ష చేయించి, కిందటి మే సంఘటన వివరంగా చెప్పి, ఆపరేషన్ ఎప్పుడు చేయించవచ్చో అడగండి. వీలైతే మీవారు ఊళ్ళో ఉన్న రోజున ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఎండ గురించీ, గొరిగించడం గురించీ డాక్టరు చెప్పే మాట ఆయన నేరుగా వినాలి.